అందరూ ఎడమచేతివాళ్లే

పోయిన నెల కరీంనగర్‌లో కంటి ఆసుపత్రికి వెళ్లాను. కుడికంట్లో పొర. చుక్కల మందు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. ఎదుటి గోడకు ఒక బొమ్మ వేలాడుతోంది. పాతకాలపు ఓడరేవు, తెరచాపలు, పీపాలు దొర్లిస్తున్న కూలీలు, అంతా నల్లటి సన్నగీతల్లో. దగ్గరికి వెళ్లి ముందు కూలీల చేతులు చూశాను. బొమ్మకు గాజు లేదు, అట్టకు అంటించి ఉంది. అందుకని అంచు వెంట బొటనవేలి గోరు పెట్టి మెల్లగా జరిపాను.

"తాతా, గోడకు ఏం గీకుతున్నవ్? కూసో," అంది మందు వేసే పిల్ల.

"గీకుతలేను బిడ్డా. రేకు గుర్తు ఉన్నదా లేదా అని చూస్తున్న."

"ఏం రేకు? అది ఫోటో తాతా."

"ఫోటో కాదు. ఇది గీసిననాడు ఫోటో అన్నదే పుట్టలేదు."

"మరెట్ల తీసిండ్రు?"

అడగడం మంచి ప్రశ్నే అడిగింది. జవాబుకు మాత్రం ఆగలేదు, ఇంకొకరి పేరు పిలుస్తూ వెళ్లిపోయింది. ఈ కాలంలో అందరిదీ అదే వరస. ప్రశ్న వాళ్లది, ఓపిక ఎదుటివాడిది. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. కళ్ల ముందు ఓడరేవు లేదు. ఒక మనిషి బొటనవేలి గోరు ఉంది. పసుపుపచ్చగా, చిన్న ఉలిలాగా కొసదేరిన గోరు. ఆ గోరున్న మనిషి పోయి మూడేళ్లయిందని నాకు ఈ మధ్యనే తెలిసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట ఒకరు రాశారు.

మేము కలిసి పనిచేసింది బహ్రెయిన్‌లో. మా ఊళ్లో మాత్రం నన్ను దుబాయి పోయొచ్చినాయన అనే అంటారు. దుబాయి వేరు, బహ్రెయిన్ వేరు, మధ్యలో సముద్రం ఉందని ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. "అన్నీ ఇసుకే గదనే," అంటారు. చదువుకున్నవాళ్లూ అంతే అంటారు. నేను ఐదో తరగతి దాటలేదు. మిగతాదంతా పొట్లాల కాగితాలు, పారేసిన పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. నాకు తెలిసింది వాళ్లకు తెలియకపోవడం చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కువైటు యుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్లు అవి. అద్లియాలో హోటళ్ల వీధి వెనక మాది బొమ్మలకు ఫ్రేములు కట్టే కొట్టు. ముందు గదిలో బొంబాయి మేనేజరు కూర్చునేవాడు. వెనక గదిలో నేను గాజూ అట్టా కోసేవాణ్ణి. ఇంటి దగ్గర నా భార్య బీడీలు చుట్టేది, పిల్లలిద్దరూ బడికి పోయేవాళ్లు. కొట్టుకు వచ్చేవన్నీ పెళ్లి ఫోటోలు, గోడకు పెట్టుకునే అరబ్బీ రాతలు. బొమ్మ చుట్టూ తెల్లగా కనిపిస్తే అక్కడివాళ్లకు నచ్చదు. తెల్లంచు కోసి పారేసి, బొమ్మను ఆనుకునేలా బంగారు రంగు ఫ్రేము బిగించాలి. చేతికి ఏ కాగితం వచ్చినా ముందు తెల్లంచు కోసేయడం నాకు అలా అలవాటైంది.

ఆ గోరున్న మనిషిది బందరు పక్క ఊరు. చీరల మీద, దుప్పట్ల మీద అద్దకం వేసే టేకు అచ్చులు చెక్కడం వాళ్ల ఇంటి పని. ఊళ్లో అచ్చులు అడిగేవాళ్లు తగ్గిపోయాక వడ్రంగి వీసా మీద వచ్చి సిత్రాలో కూలీల క్యాంపులో పడ్డాడు. కాంక్రీటు పోసే ముందు చెక్కలు బిగించే పని. మా ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్‌కు, అంటే అరబ్బు యజమానికి, సిత్రాలో ఆ కాంట్రాక్టూ ఉంది, అద్లియాలో ఈ కొట్టూ ఉంది. ఒక పండగ ముందు కఫీల్ తల్లి దగ్గర ఖర్జూరపు బిస్కెట్లు వత్తే చెక్క అచ్చు పగిలింది. అచ్చులు చెక్కే మనిషి క్యాంపులో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఈయన రెండు రోజుల్లో కొత్తది చెక్కి పంపాడు. ఆ ముసలమ్మ బిస్కెట్టు మీద పడిన పువ్వు చూసి, "ఈ మనిషి చేత మేకులు కొట్టిస్తున్నావా!" అని కొడుకును చీవాట్లు పెట్టిందట. అలా మా కొట్టుకు వచ్చాడు.

వచ్చిన రోజున బట్ట చుట్ట విప్పి చిన్న చిన్న ఉలులు వరసగా పేర్చుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

"అన్నా, ఈడ మిషన్ ఉన్నది. మూల కోసి, మేకు కొడితే ఖలాస్."

"మేకు కొట్టడానికి నేనెందుకు తమ్ముడూ, సుత్తి చాలదూ?"

నాకంటే పదేళ్లు పెద్ద. ఆ పూట నుంచీ నేను తమ్ముణ్ణయ్యాను.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి వెనక చూసేవాడు. చీరైనా, చొక్కా అయినా, కంచమైనా అంతే. గుడ్డకు రంగు ఎంత లోపలికి దిగిందో వెనకవైపే చెబుతుందట. పెళ్లి ఫోటో తిరగేసి, "వెనక ఏమీ లేదు," అని పక్కన పెట్టేవాడు. ఫోటో అంటే ఆయనకు గిట్టదు. "మనిషి ఉన్నాడు, తీసిన చెయ్యి లేదు," అనేవాడు. పాస్‌పోర్టులో తన ఫోటో చూసి మొదట తనది కాదనుకున్నాడట. కనుబొమ మీద మచ్చ తను రోజూ అద్దంలో చూసుకునే వైపు కాకుండా అవతలివైపు ఉందని గొడవ. చొక్కా జేబులో గడ్డం గీసుకునే చిన్న అద్దం ఎప్పుడూ ఉండేది. ఏ బొమ్మ కనిపించినా దాని పక్కన ఆ అద్దం నిలబెట్టి చూసేవాడు.

ఇంకొక అలవాటు ఉంది. గది మధ్యలో గాజు పలకలు నిలబెట్టి ఉండేవి. నేను ఇటు, ఆయన అటు. అక్కడ దుమ్ముకు కొదవ లేదు కదా. టీ రాగానే ఆయన అటువైపు నుంచి దుమ్ములో గోరుతో 'టీ' అని రాసేవాడు. తనవైపు తిరగేసి రాసేవాడు, నావైపుకు అది సరిగ్గా కనిపించేది. ముప్పై ఏళ్లు తిరగేసి చెక్కిన చెయ్యి, దానికి అదే సూటి. నేను జవాబు రాయబోతే ఆయనవైపు అంతా తిరగబడి కనిపించేది. "నీ చేతి నిండా బడే ఉంది తమ్ముడూ," అని ఎగతాళి చేసేవాడు.

ఆయన వచ్చిన రెండో ఏట ఆ ఆరు బొమ్మలు వచ్చాయి. తెచ్చింది గలాలీలో ఉండే ఒక పెద్దమనిషి. నూనె శుద్ధి కర్మాగారంలో నక్షాలు గీసి రిటైరయినవాడు. ఆయన తండ్రి పడవల మీద బొంబాయికి వెళ్లి వ్యాపారం చేసినవాడట, ఆ ఇంటివాళ్లందరికీ హిందుస్తానీ వచ్చు. మేనేజరు ఆ కట్ట తెచ్చి మా బల్ల మీద పడేశాడు. "ఆరు. నల్ల ఫ్రేము. యల్లా, జల్దీ," అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

విప్పితే గోధుమరంగు తిరిగిన కాగితాలు. అచ్చుల మనిషి ముందుగా కాగితం కొస వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది కాగితం కాదు తమ్ముడూ, గుడ్డ. పాత గుడ్డలు కుళ్లబెట్టి, దంచి చేసింది."

తిరగేశాడు. వెలుతురుకు పట్టాడు. అప్పుడు గాని బొమ్మల జోలికి రాలేదు. ఆరింటిలోనూ ఏదో దేశపు దొరల పనిగది, పొడుగు కోట్లు వేసుకున్న పనివాళ్లు. వరస కలిసిపోయి ఉన్నాయి. అంకెలు ఉన్నాయో లేదో కూడా వెతక్కుండా, చేతుల్ని చూసుకుంటూ వాటిని బల్ల మీద వరసగా పేర్చాడు.

"ఇతను రాగిరేకు నున్నగా రుద్దుతున్నాడు. ఇతను మైనం పూసి, కింద దీపం పెట్టి పొగ పట్టిస్తున్నాడు. నల్లగా అయితేగాని గీత కనపడదు కదా. ఇదిగో, సూదితో మైనం మీద గీస్తున్నాడు. మరి ఇదేంటో చెప్పు?"

నాలుగో బొమ్మలో ఒకడు రేకు మీద జాడీలోంచి ఏదో పోస్తున్నాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది. వాడి మొహం పక్కకు తిరిగి ఉంది.

"నీళ్లు పోస్తున్నడు?"

"నీళ్లకి ముక్కు తిప్పుకుంటాడా? ఆసిడ్డు. మైనం ఉన్నచోట తాకదు, సూది గీసినచోట రాగిని తింటది." బొమ్మ మీదికి ఇంకా వంగాడు. "మాది గీతని వదిలేసి చుట్టూ తవ్వడం. వీళ్లు గీతనే తవ్వుతున్నారు. ఆ గుంటల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం వేసి నొక్కుతున్నారు. నొక్కితే కాగితం గుంటలోకి దిగి సిరా తాగుద్ది. అదిగో అయిదు, అదిగో ఆరు."

ఆరో బొమ్మలో మనిషెత్తు చక్రం ఉంది. ఒక లావుపాటివాడు దాని ఆకుల్ని చేతులతోనూ కాలితోనూ తొక్కిపెట్టి తిప్పుతున్నాడు. పైన తాళ్ల మీద అచ్చయిన కాగితాలు బట్టల్లా ఆరేసి ఉన్నాయి. బొమ్మ చుట్టూ కాగితంలో లోతుగా ఒక గాడి. ఆయన నా బొటనవేలు పట్టుకుని ఆ గాడి వెంట నడిపించాడు.

"రేకు అంచు దిగిన చోటు. ఇది ఉంటే ఎవరో చక్రం తిప్పినట్టు. లేకపోతే లేదు."

ఒక్కసారి పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు.

"ఏందన్నా?"

"ఏ చేత్తో గీస్తున్నాడో చూడు. ఏ చేత్తో పోస్తున్నాడో చూడు. తుడిచేది ఏ చెయ్యి? తమ్ముడూ, ఈ కొట్లో అందరూ ఎడమచేతివాళ్లే!"

జేబులో అద్దం తీసి బొమ్మ పక్కన నిలబెట్టాడు. అద్దంలో అందరూ కుడిచేత్తో పనిచేసుకుంటున్నారు.

"మొదట చెక్కినోడు అద్దం చూసుకుంటూ తిరగేసి చెక్కాడు, అచ్చులో సరిగ్గా పడింది. ఇతనెవరో ఆ అచ్చయిన కాగితం కొనుక్కొచ్చి, ఉన్నదున్నట్టు రేకు మీద దింపేశాడు. ఇప్పుడు బొమ్మ తిరగబడింది. కింద అక్షరాలు మాత్రం జాగ్రత్తగా తిరగేసి చెక్కాడు. అక్షరాలు తప్పితే కొనేవాడు ఊరుకోడుగా. చేతుల్ని ఎవడు చూస్తాడు?"

ఆ రోజుల సంగతి తర్వాత నేను చాలా చదివాను. రెండు వందల ఏళ్ల కిందట ఒక ఊళ్లో ఉన్న గుడిని ఇంకొక ఊరివాడు చూడాలన్నా, ఒక రాజుగారి మొహం రైతుకు తెలియాలన్నా ఇదొక్కటే దారి. రేకు మీద ఎవడో వంగి గీయాలి, ఇంకెవడో తిప్పాలి. ఒకడి రేకును ఇంకొక దేశంవాడు చూసి దించుకోవడం కూడా రోజూ జరిగే పనే. పెద్ద పెద్ద పుస్తకాల్లో ఇదంతా ఉంది. చేతులు చూడమని మాత్రం నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు ఎన్నడైనా ఒక అచ్చు చెక్కి ఉంటే చెప్పేవాళ్లు.

మర్నాడు గలాలీ పెద్దమనిషి చెక్క ఎంచుకోవడానికి వస్తే మేనేజరు ఈయన్ని ముందు గదిలోకి పిలిచాడు. గాజు కోసే చప్పుడులో నాకు మాటలు వినపడలేదు. ఈయన చేతుల సంగతి ఎత్తాడట, ముందు మేనేజరు గొంతు లేచింది. తర్వాత ఆ ముసలాయన నవ్వు. ముప్పై ఏళ్లుగా దగ్గర పెట్టుకుని చూస్తున్నా చేతుల సంగతి తనకు తట్టలేదని, ఈ మాట ఒక్కటే ఆ ఆరు బొమ్మల పెట్టు అని అన్నాడట. అంచులు కొయ్యవద్దని, ఆ గాడి పోతే బొమ్మ పోయినట్టేనని మేనేజరుకు మళ్లీ చెప్పి వెళ్లాడట.

మేనేజరు నాకు చెప్పలేదు.

ఆ మరుసటి రోజు అచ్చుల మనిషి ఒక హోటల్లో అద్దాలు బిగించడానికి వెళ్లాడు. నేను ఆరో బొమ్మ బల్ల మీద పరుచుకున్నాను. తెల్లంచు కనిపించింది. స్కేలు పెట్టాను, కత్తి లాగాను. కింద మూడు వేళ్ల వెడల్పు పట్టీ, అక్షరాలతో, గాడితో సహా ఊడి వచ్చింది. చుట్టచుట్టి చెత్తబుట్టలో వేశాను. పక్క అంచుకు స్కేలు జరుపుతుంటే ఆయన తలుపు తీసుకుని వచ్చాడు.

అరవలేదు. బుట్ట ముందు గొంతుక్కూర్చుని, పట్టీ తీసి, తొడ మీద పెట్టి సాపు చేశాడు.

"మేనేజరు చెప్పలేదా నీకు?"

"ఏం చెప్పలే. నల్ల ఫ్రేము అన్నడు."

"నేనైనా చెప్పి పోవాల్సింది," అన్నాడు.

 అంతకు ముందు ఏడే నిలువుటద్దం పగలగొట్టాడని ఒక కుర్రవాడి వీసా క్యాన్సిల్ చేసి వారంలో విమానం ఎక్కించారు. నన్నూ పంపితే ఇల్లంతా నా భార్య చుట్టే బీడీల మీదే నడవాలి, నేను ఆ బీడీల ఫ్యాక్టరీలోనే ఆకు గోనెలు మోయాలి. అదంతా ఒక గుక్కలో ఆయనకు చెప్పాను.

"ఆయన వచ్చేది శుక్రవారం తర్వాతే. అతికిద్దాం," అన్నాడు.

శుక్రవారం పొద్దున కొట్టు మూసి ఉంటుంది. మేమిద్దరమే కూర్చున్నాం. ఆయన మైదా ఉడికించి, పటిక వేసి, బట్టలో వడగట్టాడు. బంగారు కొట్టులో నగలు చుట్టిచ్చే పలచటి కాగితం ఎక్కణ్ణుంచో తెచ్చాడు. కోసిన అంచులు రెండింటినీ గోరుతో, కేవలం గోరుతో, పొర పొరగా పలచన చేశాడు. గీతకు గీత ఎదురుగా తెచ్చి, వెనక నుంచి కాగితం వేసి అతికించి, పైన గాజుపలక బరువు పెట్టాడు. మధ్యాహ్నం తీసి చూస్తే నేను కోసిన చోటు నాకే కనపడలేదు. గోరు నడిపినా తగల్లేదు.

పని జరుగుతుండగా పట్టీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఎడమ కొసన ఒక పేరు, కుడి కొసన ఒక పేరు. ఎడమది బొమ్మ వేసినవాడిది, కుడిది రాగి మీద చెక్కినవాడిది అని గలాలీ పెద్దమనిషి చెప్పాడట.

"మరి చక్రం తిప్పెటోని పేరు?"

"లేదు."

"గదేం న్యాయమన్నా? చెమట వానిది, పేరు వీళ్లదా?"

"ఉన్న రెండూ నువ్వు కోసేశావుగా తమ్ముడూ," అన్నాడు. నవ్వకుండానే.

బొమ్మ వెనక్కి తిప్పి, అతుకు కొసన అంగుళం పొడవు ఎర్రదారం పెట్టి జిగురుతో అంటించాడు.

"అదెందుకన్నా? ఖలాస్ అయిపాయె గద. ఎవ్వనికి తెల్వది."

"తెలియదు. అందుకే దారం. అద్దకంలో అచ్చు ఒక్కోసారి జారుద్ది. జారినచోట గుడ్డ అంచుకి ఎర్రదారం ముడేస్తాం. కొనేవాడు దారం చూస్తాడు, తిరగేస్తాడు, ఇష్టమైతే తీసుకుంటాడు."

"ముడెయ్యకపోతే ఏమైతది?"

"ఏమీ కాదు. కట్టుకున్న మనిషికి ఎప్పుడో కనపడుద్ది. ఇక ఆ చీరలో సరిగ్గా పడ్డవి కూడా జారినవే అనుకుంటది." చేతులు తుడుచుకున్నాడు. "అతుకు నాది, దారం పెట్టాను. కోత నీది. ఆయన వచ్చినప్పుడు నువ్వు చెప్పు."

"చెప్తే పంపిస్తరన్నా."

"పంపితే పంపుతారు. పంపకపోనూ వచ్చు. నీ తరఫున నేను చెప్తే అది నీ మాట అవదు."

చెప్తానన్నాను.

గలాలీ పెద్దమనిషి వచ్చిన రోజు నేను గాజుల వెనక లేను. ముందు గదిలోనే, మా అచ్చుల మనిషి పక్కనే నిలబడి ఉన్నాను. ఆరు బొమ్మలూ గోడకు ఆనించి ఉన్నాయి. ముసలాయన ఒక్కొక్కదాని ముందూ వంగి చూశాడు. ఆరోదాని ముందు ఎక్కువసేపు ఆగాడు.

"చాలా బాగా కట్టారు. ఎవరి చెయ్యి?"

"మా కొట్టు చెయ్యి, సార్," అన్నాడు మేనేజరు.

అచ్చుల మనిషి నావైపు చూశాడు. నేను చేతిలో ఉన్న గాజుకత్తి చక్రం తిప్పుతూ నిలబడ్డాను. అది ఎటు తిప్పినా తిరుగుతుంది. కారు డిక్కీ మూసిన చప్పుడు వినిపించింది. అంతే.

ఆ పూట గాజు మీద 'టీ' అన్న అక్షరం పడలేదు. పలకల పక్క నుంచి ఆయన తల కనిపించింది.

"ఏవండీ, టీ వచ్చింది. తీసుకోండి."

"గిదేందన్నా, అండి గిండి?"

"పనిచేసే చోట మర్యాద ఉండాలి కదండీ."

ఎనిమిది నెలలు. ఒక్క పరుషమైన మాట లేదు. పనిలో సాయానికి పిలిస్తే వచ్చాడు, నాకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చాడు. "తాగండి, చల్లారుతుంది," అన్నాడు. తిట్టినా బాగుండేదని నాకు అనిపించిన రోజులున్నాయి. మేనేజరు చెప్పకపోవడం వల్లనే కదా ఇదంతా అని లోలోపల ఎంత మండిపడ్డానో! మేనేజరు తప్పు ఉంది, ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ ముందు గదిలో నోరు మూసుకుని నిలబడ్డది మేనేజరు కాదు.

తర్వాత ఆయన కళ్లకు పొరలు వచ్చాయి. మూల కోస్తుంటే చెక్క అంచులు కలవడం మానేశాయి. తనే అడిగి లెక్క తేల్చుకుని ఇంటికి బయలుదేరాడు. బట్ట చుట్టలో ఉలులు పెట్టుకుని పికప్ ఎక్కుతూ, "వెళ్లొస్తానండీ. ఆరోగ్యం చూసుకోండి," అన్నాడు.

ఆయన వెళ్లిన మూడో శుక్రవారం నేను బస్సెక్కి, వంతెన దాటి, ముహర్రక్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ గలాలీ వెళ్లాను. సముద్రానికి దగ్గరలో తెల్లటి గోడల ఇల్లు. ఆ పెద్దమనిషే తలుపు తీశాడు. ఎందుకు వచ్చావని అడగలేదు.

"నువ్వేనా?" అన్నాడు హిందుస్తానీలో. "చాలా ఆలస్యం చేశావు."

 లోపలికి రమ్మని చాప మీద కూర్చోబెట్టి, చిన్న కప్పులో కాఫీ పోశాడు. అప్పుడు చెప్పాడు. బొమ్మలు ఇంటికి తెచ్చిన ఆ వారమే, శుక్రవారం నాడు, ఆ అచ్చుల మనిషి ఒక్కడే వచ్చాడట. ఆరో బొమ్మ వెనక ఎర్రదారం ఉందని, అక్కడ అతుకు ఉందని, ఆ అతుకు తనదని చెప్పాడట.

"ఎవరు కోశారో చెప్పమన్నాను. నాకు చాలా కోపం వచ్చింది. మీ మేనేజరుకు ఫోను చెయ్యడానికి లేచాను కూడా. అతను ఒక్కటే అన్నాడు. కోసినవాడు వచ్చి తనే చెబుతాడు, అప్పటిదాకా ఆగమన్నాడు. ఎన్నాళ్లు అంటే తెలియదన్నాడు. చేతుల సంగతి చెప్పిన మనిషి కదా, ఆ ఒక్క కారణంతో ఆగాను." కప్పు కింద పెట్టాడు. "చెప్పు."

"నేనే కోశాను," అన్నాను.

"ఇప్పుడు ఫోను చెయ్యనా?"

"చెయ్యండి."

ఆయన లేచాడు. ఫోను పక్క నుంచి నడిచి గోడ దగ్గరికి వెళ్లి, ఆరో బొమ్మ దించి, నా ఒళ్లో బోర్లా పెట్టాడు. వెనక అట్ట మేకులు తనే ఊడదీశాడు. దారం అలాగే ఉంది. అతుకు ఎక్కడో చూపించమన్నాడు. దారం కొస నుంచి గోరు జరిపి చూపించబోయాను, దొరకలేదు. ఆయనా వెతికాడు. ఇద్దరం తలలు వంచి చాలాసేపు వెతికాం.

తర్వాత పెన్సిల్ తెచ్చాడు. ఆ అచ్చుల మనిషి పేరు అడిగి, ఎర్రదారం పక్కన అరబ్బీలో రాశాడు. అతికించినవాడు అని పక్కన రాశానన్నాడు. నా పేరు అడిగాడు. చెప్పాను. కోసినవాడు అని రాశానన్నాడు. బొమ్మ వేసినవాడు, చెక్కినవాడు ముందువైపు. మేమిద్దరం వెనకవైపు. చక్రం తిప్పిన లావుపాటివాడి పేరు ఇప్పటికీ ఎటువైపూ లేదు. ఆ సంగతి అక్కడే, కాఫీ తాగుతూనే, ఆ పెద్దమనిషితో గట్టిగా వాదించాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఫోను చెయ్యలేదు. నేను ఆ కొట్టులోనే ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశాను.

ఆ రాత్రే బందరుకు, అచ్చుల మనిషికి ఉత్తరం రాశాను. గలాలీ వెళ్లానని, చెప్పానని, ఇంకేమీ లేదు. నెల దాటాక బందరు ముద్రతో నీలం ఉత్తరం వచ్చింది. విప్పితే ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. కళ్లు కనపడక గిలికి ఉంటాడనుకుని జాలిపడ్డాను కూడా. అప్పుడు తట్టింది. కాగితం తిరగేసి, కిటికీకి పెట్టి, వెలుతురులో వెనక నుంచి చదివాను.

'తమ్ముడూ, టీ తాగావా?'